ఎల్లోస్టోన్‌కి రెండు ట్రైలర్లు

ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొనాలన్న ఆలోచన మా ఇంట్లోనూ మా తోడల్లుడి ఇంట్లోనూ దాదాపు ఒకేసారి పుట్టింది. పుట్టించింది అక్కాచెల్లెళ్లే. గుడారంలో నేల మీద పడుకునే ఓపిక ఇక లేదనీ, అర్ధరాత్రి టార్చి పట్టుకుని పిల్లల్ని బాత్రూమ్‌కి తిప్పడం తమవల్ల కాదనీ ఇద్దరిదీ ఒకటే మాట. ఏ రకం కొనాలన్న దగ్గరే పేచీ వచ్చింది. మా ఆవిడకి హైబ్రిడ్ నచ్చింది. నడుమ గట్టి గోడల గది, రెండు కొసలా బయటికి తెరుచుకునే మంచాలు, వాటి మీద గుడ్డ కప్పు. మా మరదలికి బంక్‌హౌస్ కావాలి. వెనక మూలన పిల్లలకి ఒకదాని మీద ఒకటి మంచాలు, ముందు పెద్దవాళ్లకి గది, ఆగినప్పుడు ఒక పక్క గోడ సొరుగులా బయటికి జరిగే స్లయిడ్.

షోరూమ్‌లో ఏసీ వేసి, సోఫాలో కూర్చోబెట్టి చూపిస్తే ఏ ట్రైలరైనా ఇంద్రభవనంలాగే ఉంటుంది. అందుకని రెండు రకాలూ అద్దెకి తీసుకుని, సాల్ట్ లేక్ సిటీ నుంచి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి బయల్దేరాం. హైబ్రిడ్ మా ఎస్‌యూవీకి, బంక్‌హౌస్ తోడల్లుడి పికప్‌కి.

ఊరు దాటకముందే ట్రక్ స్టాప్‌లో తూకం వేయించాం. ఈ పని మా తోడల్లుడి పట్టుదల. వాడు ప్రతిదీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టే రకం. "అన్నయ్యా, టోయింగ్ కెపాసిటీ, అదే బండి ఎంత లాగగలదు అని అడక్కు, డ్రైవర్ డోర్ తెరిచి స్టిక్కర్ చూడు" అన్నాడు. ఆ పసుపు, తెలుపు స్టిక్కర్ మీద మనుషులు, సామాను అంతా కలిపి బండి ఎంత మోయగలదో రాసి ఉంటుంది. నా ఎస్‌యూవీ 5,000 పౌండ్లు లాగుతుందని ప్రకటనల్లో గొప్పగా చెబుతారు. స్టిక్కర్ మీద మాత్రం 1,350. ట్రైలర్ ముక్కు హిచ్ మీద, అంటే బండి వెనక దాన్ని తగిలించే కొక్కెం మీద, మోపే బరువు కూడా ఇందులోంచే పోవాలి. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంతకు తగ్గితే వెనక తోక ఊగడం మొదలెడుతుంది. మా హైబ్రిడ్ ఖాళీ బరువు కాగితం మీద 3,700. బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, నీళ్లు, సామాను చేరేసరికి 4,500 తూగింది. ముక్కు మీద 540. దానికి మేం నలుగురం, బ్యాగులు, హిచ్ ఇనుము అన్నీ కలిపితే 1,280. అంటే 5,000 లాగే బండికి 4,500 దగ్గరే నిండిపోయింది.

పికప్ సంగతి ఇంకా తమాషా. అది 9,000 పౌండ్ల పైన లాగగలదు. ట్రైలర్ 7,100 తూగింది కాబట్టి బోలెడు జాగా ఉందనుకుంటాం కదా. స్టిక్కర్ 1,520. ముక్కు బరువు 900, మనుషులు 500, హిచ్ 80. మిగిలింది 40 పౌండ్లు. వెనక వేసిన సైకిళ్లు, కట్టెలు, జనరేటర్ లెక్క చూసి వాడి మొహం పాలిపోయింది. సైకిళ్లూ కట్టెలూ అద్దెకిచ్చినాయన గ్యారేజీలోనే దింపేశాం. ఒక గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు కాబట్టి ట్యాంకులో సగానికి పైగా వదిలేశాం, క్యాంప్‌గ్రౌండ్‌లో నింపుకోవచ్చని. తిరిగి తూకం వేయిస్తే అంకె స్టిక్కర్ లోపలికి దిగింది. పెద్ద పిల్లలున్న ఇంటికి ఈ లెక్క ఏటా మారుతుందన్నది కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ట్రైలర్ బరువు పెరగకపోయినా పిల్లలు పెరుగుతారు.

ఐ-15 హైవే మీద ఐడహోలో వేగపరిమితి గంటకి 80 మైళ్లు. మేం 65 దాటలేదు. చాలా ట్రైలర్ టైర్లకి రేటింగే అంత. పొకటెల్లో దాటాక స్నేక్ రివర్ మైదానంలో పక్కగాలి మొదలైంది. పెద్ద ట్రక్కు దాటిపోయిన ప్రతిసారీ దాని గాలి బంక్‌హౌస్‌ని ముందు అవతలికి నెట్టి, తర్వాత తన వైపుకి లాగేది. వెనక నుంచి చూస్తున్న నాకే చేతులు చెమట పట్టాయి. బరువు పంచే హిచ్, ఊగుడు ఆపే బార్లు ఉన్నాయి కాబట్టి గండం గడిచింది. హైబ్రిడ్ పొట్టిది, దాని ఊగుడు తక్కువే. పెట్రోలు విషయంలో మాత్రం నా లెక్క తప్పింది. మాది అంత తేలిక కదా, మైలేజీ బాగా వస్తుందనుకున్నా. గాలన్‌కి మాకు 11, వాళ్లకి 9. హైవే మీద బరువు కన్నా ఎదురుగాలికి అడ్డంగా నిలబడే గోడ ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అన్నదే పెట్రోలు తాగుతుంది. ఆ గోడ రెండింటికీ ఇంచుమించు ఒకటే.

ఐడహో ఫాల్స్ దగ్గర మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఇంకో తేడా బయటపడింది. మా హైబ్రిడ్‌లో మంచాలు మూసి ఉన్నా ఫ్రిజ్, బాత్రూమ్ అందుతాయి. బంక్‌హౌస్‌లో స్లయిడ్ లోపలికి ఉంటే సోఫా వచ్చి ఫ్రిజ్ తలుపుకి ఆనుకుంటుంది. పెరుగన్నం డబ్బా ఫ్రిజ్‌లో, మా మరదలు తలుపు దగ్గర. కిక్కిరిసిన పార్కింగ్‌లో స్లయిడ్ తెరవడానికి చోటు లేదు. చివరికి మా చిన్నవాణ్ణి సోఫా మీదుగా పాకిస్తే, వాడు తలుపు జానెడు తెరిచి డబ్బా లాగాడు. ఎక్కడైనా ట్రైలర్ చూడ్డానికి వెళ్తే ముందు స్లయిడ్ మూయించి లోపలికి దూరమని అందరికీ చెబుతున్నా.

మేం దిగింది మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో, 6,800 అడుగుల ఎత్తున. గిబ్బన్, ఫైర్‌హోల్ నదులు కలిసి మాడిసన్ నది అయ్యే చోటు అక్కడికి దగ్గరే. కరెంటు, నీళ్ల కనెక్షన్ ఉండవు. పార్కులో ఆ సౌకర్యాలున్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్‌లోనే. కానీ అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గట్టి గోడల బళ్లకే అనుమతి, గుడ్డ కప్పున్న ట్రైలర్లని రానివ్వరు. మా హైబ్రిడ్ వల్ల తోడల్లుడి కుటుంబం కూడా కరెంటు వదులుకుంది. మరదలు ఆ మాట నోరు విప్పి అనలేదు గానీ, ఫోన్ చార్జింగ్ గురించి మాట్లాడిన ప్రతిసారీ నా వైపు చూసింది.

బంక్‌హౌస్‌ని సైట్‌లోకి రివర్స్ చేయడానికి చాలాసేపు పట్టింది. మోడల్ పేరులో 26 అని ఉన్నా ముక్కుతో కలిపి 31 అడుగుల పైనే. ఈ పార్కులో 30 అడుగులు దాటిన బళ్లకి సైట్లు తక్కువ. స్టీరింగ్ కింది అంచు పట్టుకో, ట్రైలర్ తోక ఎటు పోవాలో చేతిని అటే జరుపు అన్న చిట్కా పనిచేస్తుంది. వెనక నిలబడి ఇద్దరు ఒకేసారి చేతులు ఊపుతుంటే మాత్రం పనిచేయదు.

ఆగస్టే అయినా రాత్రి చలి గడ్డకట్టేంత దగ్గరికి దిగింది. అసలు పరీక్ష అక్కడే. గుడ్డ కప్పు వేడిని నిలపదు. మా హీటర్ గ్యాస్‌తోనే మండుతుంది గానీ దాని ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది, మా ట్రైలర్‌లో అది ఆగిందే లేదు. తెల్లవారుజామున ఫ్యాన్ శబ్దం నీరసించింది, దీపం ఎర్రబడింది. జనరేటర్‌కి ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే అనుమతి. అప్పటిదాకా నలుగురం ఒకే మంచం మీద. లేచి చూస్తే గుడ్డ లోపలి వైపు మా ఊపిరి నీటి చుక్కలుగా పేరుకుని, దుప్పటి అంచు తడిసింది. పక్కన బంక్‌హౌస్‌లో హీటర్ కాసేపు తిరిగి కాసేపు ఆగిందట, పిల్లలు రగ్గులు తన్నేశారట.

అయినా మా ఆవిడ మాట మొత్తం కొట్టిపారేయలేను. మర్నాడు చలి తగ్గాక పిల్లలందర్నీ బంకుల్లో పడేసి పెద్దవాళ్లం చోట్లు మార్చుకున్నాం. మరదలూ తోడల్లుడూ హైబ్రిడ్‌లో జాలీ జిప్పులు తెరుచుకుని పడుకున్నారు. ఉదయాన్నే "ఇది కదా క్యాంపింగ్ అంటే" అంది మా మరదలు. మా ఆవిడ గెలిచినట్టే నవ్వింది. ఆ గెలుపు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఉరుములతో వాన దిగితే ఎనిమిది మందిమీ బంక్‌హౌస్‌లోకే పరిగెత్తాం. స్లయిడ్ లేకపోతే అందులో నిలబడ్డానికి కూడా జాగా ఉండేది కాదు. పప్పులోకి పోపు పెట్టగానే పొగ అలారం కూసింది, ఒకరు టవల్‌తో విసురుతుంటే ఒకరు కప్పు మీది ఫ్యాన్ తిప్పారు.

బయల్దేరే రోజున కూడా గుడ్డ తడిగానే ఉంది. తడిగుడ్డ మడిచి నాలుగు రోజులు ఉంచితే బూజు పడుతుంది. ఇంటికెళ్లగానే మళ్లీ తెరిచి ఆరబెట్టాలి, అందుకు ఇంటి ముందు స్థలం ఉండాలి, చాలా కాలనీల్లో ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో ఉంచనివ్వరు కూడా. నా మట్టుకు హైబ్రిడ్ అక్కడే ఓడిపోయింది.

బంక్‌హౌస్ గెలిచిందా అంటే, ఆ సైజులో కాదు. తోడల్లుడు 22, 23 అడుగుల లోపు, స్లయిడ్ లేని, గట్టి గోడల, రెండు బంకుల ట్రైలర్ వెతుకుతున్నాడు. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరస పికప్ స్టిక్కర్ అంకె, రెండోది నిండు బరువు, ఖాళీ బరువుకి అసలు వరసే లేదు. స్లయిడ్ లేకపోతే వాన పడినప్పుడు ఎక్కడ కూర్చోవాలని మరదలు అడుగుతోంది. ఆ ప్రశ్నకి వాడి షీట్‌లో వరస లేదు. మా ఎస్‌యూవీకి అలాంటిది కూడా బరువే, కాబట్టి మాకు ముందు బండి మార్చాలా, ట్రైలర్ ఆశ వాయిదా వేయాలా అన్నది తేలాలి. రెండు కుటుంబాలూ కలిసి ఒకటే కొని వంతులవారీగా వాడుకుందామని నేను అన్నాను. దానికి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి వద్దన్నారు.