కిరాకిరా, మిలమిల, ట్వింకిల్: టోక్యోలో మా పిల్లల ఇంగ్లిష్ చదువు

జపాన్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లు ఊరెళ్లినప్పుడల్లా వినే మాట ఒకటుంది. "ఫారిన్‌లో ఉంటున్నారు, పిల్లలు ఇంగ్లిష్ దంచేస్తుంటారు కదా!" అని. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న వాళ్ల మేనత్త పిల్లలు మాట్లాడే ఇంగ్లిష్‌లో సగం కూడా టోక్యోలో వార్డు బడికి వెళ్లే మా పిల్లలకి రాదని చెప్తే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఇక్కడ పిల్లల లోకం అంతా జపనీస్‌లోనే నడుస్తుంది. బడి, స్నేహితులు, టీవీ, కొట్టు, డాక్టరు, ఆఖరికి నిద్రలో కలవరింతలు కూడా.

మేముండేది ఎదొగవా వార్డులో, నిషి కసాయ్ దగ్గర. 2000 సంవత్సరం అటూ ఇటూగా వైటూకే పనుల కోసం, అంటే 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనుల కోసం, వచ్చిన ఇంజనీర్లతో మొదలై, మనవాళ్లు ఈ చుట్టుపక్కల బాగా పెరిగారు. ఇండియన్ స్కూళ్లు కూడా ఉన్నాయి, చాలామంది అక్కడే చేర్పిస్తారు. మేం మాత్రం ఇక్కడే ఉండిపోవాలనుకున్నాం కాబట్టి, పక్కింటి పిల్లలతో కలిసి నడిచి వెళ్లే మామూలు బడిలో వేశాం. దానివల్ల వచ్చిన మంచి ఎంతో ఉంది. కానీ ఇంగ్లిష్ విషయానికొస్తే మా పిల్లల ఇబ్బంది ఇండియా పిల్లల ఇబ్బంది కాదు, అచ్చంగా జపనీస్ పిల్లల ఇబ్బంది. నేను నేర్చుకున్న పద్ధతిలో వాళ్లకి నేర్పితే ఎక్కదు, ఎందుకంటే నాకు ఇంగ్లిష్ తెలుగు మీదుగా వచ్చింది, వాళ్లకి జపనీస్ మీదుగా వస్తోంది.

బడిలో ఏం చెప్తారో చూద్దాం. ఇక్కడ 3, 4 తరగతుల్లో ఆటపాటలుగా మొదలుపెడతారు, 5, 6 తరగతుల్లో అది మార్కులుండే సబ్జెక్టు అవుతుంది. 2020లో వచ్చిన మార్పు ఇది. ప్రైమరీ పూర్తయ్యేసరికి 600 నుంచి 700 మాటలు, ఆ తర్వాత మూడేళ్ల చూగక్కోలో, అంటే మన 7 నుంచి 9 తరగతుల్లో, ఇంకో 1600 నుంచి 1800 మాటలు రావాలని లెక్క. మా అమ్మాయి ఇప్పుడు చూగక్కో రెండో ఏడు, అబ్బాయి నాలుగో తరగతి. అమ్మాయి పుస్తకంలో ఇంగ్లిష్ మాట నల్లగా, దాని పక్కన జపనీస్ అర్థం ఎర్రగా అచ్చు వేసి ఉంటుంది. పుస్తకంతో పాటు ఒక ఎర్రటి ప్లాస్టిక్ షీటు ఇస్తారు. దాన్ని పేజీ మీద పరిస్తే ఎర్ర అక్షరాలు మాయమవుతాయి, నల్లవి మిగులుతాయి. అర్థం గుర్తు తెచ్చుకోవడం, షీటు కిందికి జరిపి సరిచూసుకోవడం. రైల్లో చూడండి, యూనిఫాంలో ఉన్న పిల్లలందరి చేతుల్లో ఇదే. పరీక్షకి బాగానే పనిచేస్తుంది. కానీ దీంతో ఒక మాటకి ఒకటే అర్థం అన్న నమ్మకం పిల్లల్లో గట్టిగా నాటుకుపోతుంది. ఇడియమ్స్, అంటే నుడికారాల దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకమే కాళ్లకి అడ్డం పడుతుంది.

ఒకరోజు పాప బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. క్లాసులో జపనీస్ టీచరుకి తోడుగా విదేశీ టీచరొకరు వస్తారు, ఏఎల్‌టీ అంటారిక్కడ. ఆయన ఏదో సరదాగా అని, ఇది బిత్తరపోయేసరికి "ఐయామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్" అన్నారట. జపనీస్‌లో అషి ఒ హిప్పరు అనే మాట ఉంది, అక్షరాలా కాలు లాగడమే. దాని అర్థం మాత్రం తన చేతకానితనంతో పక్కవాళ్లని వెనక్కి లాగడం, జట్టుకి అడ్డం కావడం. ఇక్కడి పిల్లలకి అంతకంటే అవమానం లేదు. తన ఇంగ్లిష్ వల్ల క్లాసంతా వెనకబడిపోతోందని టీచరు అన్నారనుకుంది పాపం. మనకైనా కాళ్లు పట్టి కిందికి లాగడం అంటే మంచి మాట కాదు కదా, అందుకని తెలుగు వైపు నుంచి చూసినా దానికి దారి దొరకలేదు.

అప్పుడు నేను మాటకి మాట చెప్పలేదు. "సెలవులకి వెళ్లినప్పుడు మామయ్య నిన్ను ఏమని ఆటపట్టిస్తాడే?" అని అడిగాను. వెంటనే అందుకుంది. విమానంలో నీకు సీటు బుక్ చేయడం మర్చిపోయారంట, నువ్వు మా ఇంట్లోనే ఉండిపోవాలంట అని వాడు ఏడిపించడం, ఇది నిజమనుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడం, చివరికి వాడు నవ్వేసి ఎత్తుకోవడం, అంతా చెప్పింది. మీ టీచరు చేసింది కూడా అదే తల్లీ అన్నాను. ఆ తర్వాత ఆ ఇడియమ్ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. తమ్ముణ్ణి ఏడిపించినప్పుడల్లా అదే వాడుతోంది.

డల్లాస్‌లో ఉన్న పెద్దనాన్న పిల్లలతో వీడియో కాల్ అంటే ఇంకో రకం తంటా. వాళ్లది అక్కడ పుట్టి పెరిగిన పిల్లల ఇంగ్లిష్, గబగబా వెళ్లిపోతుంది. సెలవుల్లో అందరం ఇండియాలో కలుద్దామా అని మా అమ్మాయి అడిగితే, వాళ్ల అన్న "యా, ఐయామ్ డౌన్" అన్నాడు. జపనీస్‌లో దౌన్ అంటే జ్వరమొచ్చి మంచాన పడటం. ఇది కంగారుగా ఒంట్లో ఎలా ఉంది, మందులేసుకున్నావా అని అడిగింది. సరే, నేనూ వస్తాను అని వాడి ఉద్దేశం. టెన్షన్ అనే మాట కూడా ఇలాంటిదే. ఇక్కడ తెన్షోన్ పెరిగిందంటే హుషారు వచ్చిందని. స్పోర్ట్స్ డే ముందు రోజు పాప ఫోన్లో అమ్మమ్మతో "నాకు ఫుల్ టెన్షన్‌గా ఉంది అమ్మమ్మా!" అంది సంబరంగా. అక్కడ తెనాలిలో మా అమ్మ రాత్రంతా సరిగా నిద్రపోలేదు, పొద్దున్నే ఫోన్ చేసి బిడ్డని ఎందుకు అంత భయపెడుతున్నారని నన్ను కేకలేసింది.

ఇంగ్లిష్ వేషంలో ఉన్న ఇలాంటి జపనీస్ మాటలు కోకొల్లలు. మాన్షోన్ అంటే అపార్ట్‌మెంట్, కన్నింగు అంటే కాపీ కొట్టడం, కోన్సెంతో అంటే గోడకుండే ప్లగ్ పాయింట్, బైకింగు అంటే బఫే. పిల్లలు వీటిని ఇంగ్లిష్ అనుకునే వాడతారు. అందులో వింతేమీ లేదు, మన ఊళ్లో హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు కాదూ? అందుకే నేను వీటిని తప్పు అనను. ఇది జపాన్ మాట, అన్నకి చెప్పేటప్పుడు వేరే మాట ఉంది అంటాను, అంతే.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. పిల్లల ఇంగ్లిష్ గురించి బెంగ పడ్డ ప్రతి తెలుగింట్లోనూ ఎవరో ఒకరు ఇచ్చే సలహా, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మొదలుపెట్టండి అని. నాకది అస్సలు నచ్చదు. అలా చేసిన ఇళ్లు చూశాను. అమ్మానాన్నలు ఆఫీసు ఇంగ్లిష్‌లో మాట్లాడతారు, పిల్లలు జపనీస్‌లో జవాబు చెప్తారు, కొన్నాళ్లకి తెలుగు మాయమవుతుంది, ఇంగ్లిష్ కూడా అనుకున్నంత రాదు. కోపం, గారాబం, వెటకారం, జాలి, ఇవన్నీ నేను ఇంగ్లిష్‌లో చూపించలేను. అవన్నీ నా తెలుగులో ఉన్నాయి. పైగా జపనీస్ మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్ నేర్పడానికి తెలుగు అడ్డం కాదు, చాలా చోట్ల అదే మంచి సాయం.

ఎలాగంటారా, జంటమాటలు చూడండి. జపనీస్‌లో ఇవి అడుగడుగునా ఉంటాయి. ఆకలేస్తే కడుపు పెకోపెకో, మనకి నకనక. గుండె దోకిదోకి, మనకి దడదడ. చుక్కలు కిరాకిరా, మనకి మిలమిల. కొత్త బూట్లు పికాపికా, మనకి తళతళ. మిట్టమధ్యాహ్నం ఎండ గిరాగిరా అంటే కళ్లు చెదిరేలా కాయడం. ఈ రెండు భాషల్లోనూ ఎక్కువగా మెరవడం అనే పని ఒకటే వాడతారు, ఎలా మెరిసిందో పక్కన జంటమాట చెప్తుంది. ఇంగ్లిష్ అలా కాదు, ఆ చప్పుడునీ ఆ మెరుపునీ పనిలోనే కలిపేస్తుంది. ట్వింకిల్, గ్లీమ్, గ్లేర్ అని ఒక్కోదానికి ఒక్కో క్రియ. జపనీస్ పిల్లలు అన్నిటికీ షైన్ అని రాసి ఊరుకుంటారు, ఎందుకంటే మెరవడానికి షీటు కింద వాళ్లకి దొరికిన మాట అదొక్కటే.

మేం ఇంట్లో దీన్ని తిరగేశాం. ముందు జంటమాట, తర్వాత ఇంగ్లిష్. గిన్నె తోమాక తళతళలాడితే గ్లీమ్. చుక్కలు మిలమిలలాడితే ట్వింకిల్. నవ్వులైతే ఇంకా బాగా కుదిరాయి. జపనీస్‌లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు కుసుకుసు, మనం కిసుక్కున నవ్వింది అంటాం, ఇంగ్లిష్‌లో గిగుల్. గెరాగెరా అంటే పగలబడి నవ్వడం, గఫా. నడకల్లో చంటిపిల్లల బుడిబుడి నడక యొచియొచి, అది టాడుల్. తొబోతొబో అంటే ఓడిపోయినవాళ్లు కాళ్లీడ్చుకుంటూ రావడం, అది ట్రడ్జ్. బేస్‌బాల్ మ్యాచ్ ఓడిన రోజు మావాడు మెట్లెక్కిన తీరు చూసి వాళ్లక్క "హి ఈజ్ ట్రడ్జింగ్" అంది. ఆ మాట బడి పుస్తకంలో లేదు, ఏ పరీక్షలో వస్తుందో కూడా నాకు తెలియదు, కానీ ఆ పిల్లకి ఆ మాట వచ్చేసింది, ఇక పోదు.

నొప్పుల మాటలు నా దృష్టిలో అన్నిటికంటే అవసరమైనవి. ఇక్కడ పిల్లలు డాక్టరు దగ్గర జుకిజుకి, చికుచికు, హిరిహిరి అని ఠక్కున చెప్తారు. అదే అమ్మమ్మ అడిగితే చెప్పలేక ఊరికే నొప్పి అనేవాళ్లు. జుకిజుకి అంటే సలుపు, ఇంగ్లిష్‌లో త్రాబ్. చికుచికు అంటే సూదితో గుచ్చినట్టు, ప్రిక్. హిరిహిరి అంటే మంట, స్టింగ్. మూడు భాషల్లో ఒకేసారి చెప్పుకున్నాం. రేపు ఎక్కడ బతికినా ఒంట్లో ఎలా ఉందో వాళ్ల నోటితో వాళ్లు చెప్పుకోగలగాలి, అదే నా ఆశ.

మధ్యలో పాప తనంతట తానే ఒకటి కనిపెట్టింది. గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లేర్, మెరుపులన్నీ గ్ల తోనే మొదలవుతున్నాయని. తర్వాత స్నోర్, స్నీజ్, స్నిఫ్, ముక్కు పనులన్నీ స్న అని. ఇంగ్లిష్‌లోనూ చప్పుడుకీ అర్థానికీ చుట్టరికం ఉందని తెలిశాక దానికి ఆ భాష మీద బెరుకు సగం తగ్గింది.

పలకడంలో కూడా తెలుగు ఆదుకుంటుంది. జపనీస్‌లో ల, ర తేడా లేదు. గ్లో, గ్రో రెండిటినీ గురో అనే రాస్తారు, లైట్, రైట్ రెండూ రైతో. మా పిల్లలకి కాలు, కారు తేడా తెలుసు, నాలుక ఎక్కడ పెట్టాలో పుట్టినప్పటి నుంచి విన్నారు కాబట్టి "కాలులా పలుకు, కారులా పలుకు" అంటే చాలు. మాట చివర అచ్చు తగిలించే అలవాటు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చింది. వాళ్లు దెసుకు, తెసుతో అంటారు, మనం డెస్కు, టెస్టు అంటాం. దాన్ని వదిలించడానికి కాస్త ఓపిక పట్టాలి.

సామెతల దగ్గర పిల్లలకి నిజంగా ఆనందం. తేలికైన పనికి జపనీస్‌లో అసమెషి మాయె, అంటే పొద్దుటి భోజనానికి ముందే అయిపోయేది. మనకి నల్లేరు మీద నడక, ఇంగ్లిష్‌లో పీస్ ఆఫ్ కేక్. అగ్నికి ఆజ్యం పోయడం వాళ్లకి నిప్పులో నూనె పోయడం, ఇంగ్లిష్‌కి వెళ్లినా దాదాపు అదే. ఒకే దెబ్బకి రెండు పిట్టలు మూడు భాషల్లోనూ ఉంది. జపనీస్‌లో ఇస్సెకి నిచో అని నాలుగు అక్షరాల్లో రాస్తారు, చూస్తే పాతకాలం చైనా మాటలా ఉంటుంది కానీ నిజానికి ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్నదే. పనితో ఊపిరాడకపోతే పిల్లి చెయ్యైనా అరువు తెచ్చుకోవాలనిపిస్తోంది అంటారు ఇక్కడ. అది విన్నప్పటి నుంచి మా అమ్మ కూడా పండగ వంటల రోజున అదే అంటోంది.

తెలుగు సాయపడని చోట్లూ ఉన్నాయి, అది కూడా చెప్పాలి. కాదు, లేదు అని వచ్చే ప్రశ్నలు ఒకటి. "హోంవర్క్ చేయలేదా?" అని అడిగితే మనం "ఊఁ, చేయలేదు" అంటాం, జపనీస్‌లో కూడా "హాయ్ (అంటే అవును), చేయలేదు" అనే. ఇంగ్లిష్‌లో నో అనాలి. రెండు భాషలూ కలిసి పిల్లని ఒకే తప్పు దారిలోకి తోస్తాయి. టోక్యోలో చూగక్కో మూడో ఏడు పిల్లలకి 2022 నుంచి నవంబరులో ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష పెడుతున్నారు, ప్రభుత్వ హైస్కూలు సీటుకి ఆ మార్కులు కలుస్తాయి. వచ్చే ఏడు మా పాప వంతు. అందుకని అన్నాల దగ్గర కావాలనే ఇంగ్లిష్‌లో అలాంటి ప్రశ్నలు వేస్తున్నాం. డోంట్ యూ వాంట్ పెరుగు? నో, ఐ డోంట్. వాళ్ల నాన్న అడుగుతారు, పిల్లలిద్దరూ పోటీ పడి జవాబు చెప్తారు.

ఇంకోటి ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థమే మారిపోయేవి. పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, గెట్ ఓవర్, గెట్ బై. వీటికి జంటమాటలూ లేవు, మామయ్య కథలూ లేవు. పదే పదే వినాలి, చదవాలి, మళ్లీ ఆ ఎర్ర షీటే పరుచుకోవాలి. ప్రస్తుతం పుట్ తో వచ్చేవన్నీ పట్టుకున్నాం, వంటిల్లు సర్దేశాక రోజూ కాసేపు ఆ పని మీదే కూర్చుంటున్నాం.