బురద ఉండగా బ్లీచింగ్ దండగ

నెల్లూరు జిల్లాలో పెద్ద వరదలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే. 2021లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనీ రైలుకట్టనీ కోసేసిందీ నవంబరులోనే. అప్పుడు ఎండ సరిగా కాయదు. వరద దిగాక ఇల్లు కడగడం రెండు రోజుల పని, గోడలు ఆరడం నెలల పని.

మెయిన్ ఆపకుండా లోపల అడుగు పెట్టొద్దు. వీధిలో కరెంటు లేకపోయినా, మెయిన్ ఆపినా, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ప్లగ్గులు షాక్ కొట్టొచ్చు, దాన్నీ ఆపాలి. అటక మీదా డబ్బాల వెనకా కర్రతో తట్టి చూడండి. పాములు పొడి చోటు వెతుక్కుంటాయి.

ఒండ్రు తడిగా ఉండగానే పారతో ఎత్తేయాలి. ఎండిందంటే గచ్చును పట్టేస్తుంది. తర్వాత గోడలు పైనుంచి కిందికి సబ్బునీళ్లతో, నీరు తేటగా పోయేదాకా కడగాలి. బురద మీదే బ్లీచింగ్ చల్లితే అందులోని క్లోరిన్ ఆ మట్టీ చెత్తతోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా రాదు. తెల్లగా చల్లిన పొడి కంటికి ధైర్యం, అంతే.

కడిగిన నేలకు 10 లీటర్ల నీళ్లలో 35 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే తలకొట్టి మూడు పెద్ద చెంచాలు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు జారుగా కలిపి, తర్వాత నీళ్లు పోసి, పైకి తేరిన తేటనే వాడాలి. నేల పది నిమిషాలు తడిగా ఉండాలి. పొడి గడ్డకట్టి ఘాటు పోయి ఉంటే అది సున్నంతో సమానం. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

దూది పరుపులు పారేయాల్సిందే. వరద నీట మునిగిన ఆవకాయ జాడీ కూడా, ప్రాణం ఒప్పకపోయినా.

సంపు ఒక్కసారిగా ఖాళీ చేయొద్దు. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు లోపల ఖాళీ అయితే గోడలు పగులుతాయి, ఒక్కోసారి సంపే పైకి లేస్తుంది. బయట నీరు దిగాక తోడి, తోమి, మంచినీళ్లు నింపి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన బ్లీచింగ్ కలపాలి. ఆ నీటిని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయీ ఘాటు వచ్చేదాకా వదిలి కట్టేసి, రాత్రంతా ఉంచాలి. పొద్దున మొత్తం పారబోయాలి. ఆ నీళ్లు తాగడానికి కాదు.

సంక్రాంతికి రంగులు వేద్దామన్న తొందరే చివర్లో కొంప ముంచేది. తడి గోడ మీద పుట్టీ పెడితే పొక్కులై రాలుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పట్టిందంటే పెయింటర్‌ను ఇంకా పిలవొద్దు.