ఫిడేలు ఎత్తకముందే బిగుసుకున్న మెడ

విజయనగరంలో పిల్లలకు ఫిడేలు పాఠాలు చెప్పే నాకు రెండేళ్ల క్రితం మెడ ఎడమవైపు మొదలైన నొప్పి క్రమంగా మోచేతి దాకా దిగింది. 1919లో వెలసిన సంగీత కళాశాలలో ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఊరిది. ఇక్కడ సాధన తగ్గించుకోవడం మనసుకు చాలా కష్టం. అయినా తగ్గించాను, మందులు వాడాను. వాయిద్యం పట్టిన పావుగంటకే నొప్పి తిరిగివచ్చేది.

ఫిజియోథెరపీ చేసిన ఆవిడ ఒకరోజు, "మాస్టారూ, ఇక్కడే కూర్చుని వాయించండి" అని ఫోనులో వీడియో తీశారు. కమాను తీగను తాకకముందే నా తల వెనక్కి లాగుకుపోవడం, ఎడమ భుజం పైకి లేవడం అందులో స్పష్టంగా కనిపించాయి. ఫిడేలు కొసను కుడి పాదం మీద ఆనించి వాయించే మన పద్ధతిలో దానిని భుజంతో నొక్కిపట్టవలసిన పనే లేదు; ఇన్నేళ్లూ నేను నొక్కుతున్నానని నాకు తెలియనే లేదు.

ఆవిడ ద్వారానే ఎఫ్.ఎం. అలెగ్జాండర్ గురించి తెలుసుకున్నాను. 1869లో టాస్మానియాలో పుట్టిన ఆ నటుడు, వేదిక మీద గొంతు పోతూంటే అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకుని, పలకబోయే ముందే తల వెనక్కి లాగుతున్నట్టు కనిపెట్టాడు. సరిగ్గా ఉన్నామన్న అనుభూతినే నమ్మలేమని కూడా ఆయన గ్రహించాడు. నా విషయంలోనూ అదే జరిగింది: అద్దంలో తల నిటారుగా ఉన్నప్పుడు, అది ముందుకు వాలిపోయినట్టు నాకు అనిపించేది.

పనికి ముందే బిగుసుకునే అలవాటును గమనించి వదిలించుకునే ఆయన పద్ధతిని నేనూ మొదలుపెట్టాను. మొదటి మూడు వారాలు ఒక్క స్వరమూ వాయించలేదు. ఫిడేలు ఎత్తాలనుకోవడం, ఆగడం, మెడ బిగుసుకుంటోందేమో చూసుకోవడం, వదిలేయడం; ఇంతే నా సాధన. నాలుగో వారంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు, అవీ విలంబ కాలంలోనే, అంటే బాగా నెమ్మదిగా, మొదలుపెట్టాను.

ఓపిక సన్నగిల్లినప్పుడు నన్ను నిలబెట్టింది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన. అందులో నడుము నొప్పి ఉన్న 579 మందిని పరిశీలించారు. ఏడాది తర్వాత, మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉండగా, అలెగ్జాండర్ పద్ధతిలో 24 పాఠాలు నేర్చుకున్నవారికి అది 18 రోజులు తక్కువగా ఉంది. అయితే ఆ పాఠాలను శిక్షణ పొందిన గురువులు ఎదురుగా ఉండి నేర్పారు. పైగా అది నడుము గురించిన పరిశోధన. అందుకే నా ఫలితాన్ని దానితో పోల్చను.

ఇప్పుడు గంటన్నర వాయించగలుగుతున్నాను. వేగం పెంచి మూడో కాలానికి వెళ్లేసరికి భుజం ఇంకా లేస్తుంది. అప్పుడు కమాను ఆపి, అది దిగేదాకా ఆగుతాను.