మొదటి ట్రిప్పు ఎందుకు ఆగిందో చెప్పగలగాలి

నెల్లూరు లాంటి ఊరి బస్సుల వ్యవస్థకు పెద్దగా ఎవరిని పెట్టాలి అనగానే మన దగ్గర డిగ్రీల మాటే ముందొస్తుంది. ఐఏఎస్సా, ఐపీఎస్సా, ఇంజినీరా, ఎంబీఏనా అని. నన్నడిగితే ఒక్క పరీక్ష పెడతాను. నిన్న రద్దయిన సర్వీసుల కాగితం చేతికిచ్చి, ఒక్కోటి ఎందుకు ఆగిందో మూలం దాకా చెప్పమంటాను. చెప్పగలిగితే ఏ డిగ్రీ అయినా పరవాలేదు.

తెల్లవారుజామున సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు వైపు వెళ్లాల్సిన మొదటి బస్సు డిపో గేటు దాటలేదనుకోండి. కాగితం మీద అది ఒక అంకె. రేవు దగ్గర చేపల బుట్ట పక్కన పెట్టుకుని నిలబడ్డ ఆవిడకు ఆ పూట బేరం పోయినట్టే. ఆటోకు ఇచ్చుకుంటే లాభం అందులోనే పోతుంది. రద్దుకు కారణం ‘డ్రైవరు లేడు’ అని రాసి ఉంటుంది. అక్కడితో ఆగేవాడు ఈ పనికి సరిపోడు. ఎందుకు లేడు?

లెక్క చూడండి. పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి దాకా తిరిగే బస్సుకు రెండు షిఫ్టులు, ఇద్దరు డ్రైవర్లు. వారానికో సెలవుంది కాబట్టి ఆ ఇద్దరు 2.33 అవుతారు. సెలవులు, జ్వరాలు, శిక్షణలు కలిపి పదోవంతు మంది రారనుకుంటే 2.6. అంటే అలాంటి బస్సులు 100 ఉన్న డిపోకు 260 మంది డ్రైవర్లు కావాలి. 230 మందితో నడిపిస్తుంటే మిగతాది డబుల్ డ్యూటీలతో నెట్టుకొస్తున్నారన్నమాట. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని కొలత పెట్టింది ఊరికే కాదు. రాత్రి పదకొండుకు బండి దిగినవాణ్ణి మళ్లీ తెల్లవారుజామునే ఎక్కిస్తే మూడో రోజుకు సిక్ లీవు పెడతాడు. లేదా బండిని డివైడరు ఎక్కిస్తాడు. రద్దు మూలం డ్రైవరు దగ్గర లేదు, డ్యూటీ చార్టు వేసిన చోట ఉంది. చార్టును తన చేత్తో ఒక్కసారైనా వేసి చూడని మనిషి దీన్ని పట్టుకోలేడు.

‘బండి చెడింది’ అని రాసినా ఇదే పద్ధతి. డ్రైవరు లాగ్‌షీటులో ‘బ్రేకు పట్టేస్తోంది’ అని మూడు రోజులుగా రాస్తున్నాడా? గ్యారేజీలో ఎవరైనా చదివారా? డ్యూటీ దిగగానే చక్రం మధ్యలో ఉండే హబ్బు దగ్గర చెయ్యి పెడితే వేడి సెగ కొడుతుంది. బ్రేకు షూ డ్రమ్మును వదలడం లేదని అర్థం. అదే బండి డీజిలూ తాగేస్తుంది. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తే 60 లీటర్లు కావాలి, 5.2 ఇస్తే 57.7 చాలు. 100 బస్సులకు రోజుకు 230 లీటర్ల తేడా. లీటరు 97 రూపాయలు లెక్కేస్తే నెలకు ఆరున్నర లక్షల పైమాటే. టైరులో గాలి, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు సర్దుబాటు, సగం క్లచ్చు మీద నడిపే అలవాటు. ఆ 0.2 ఈ నాలుగింటి దగ్గరే దొరుకుతుంది. కేఎంపీఎల్, అంటే లీటరుకు వచ్చే కిలోమీటర్లు, తగ్గిందని డ్రైవరుకు మెమో ఇవ్వడం చాలా తేలిక. ముందు హబ్బు మీద చెయ్యి పెట్టించాలి.

ఇక డబ్బు. 1950 ఆర్టీసీ చట్టంలో 18వ సెక్షను జనానికి చాలినన్ని, పొదుపైన, ఒకదానితో ఒకటి పొసిగే సర్వీసులు ఇవ్వమంటుంది. 22వ సెక్షను వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. కుర్చీలో కూర్చున్నవాడు రోజూ ఈ రెండింటి మధ్యే నలుగుతాడు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం వచ్చాక ఇది ఇంకా సున్నితమైంది. ఉచితంగా ఎక్కినవాళ్లకు ఇచ్చే జీరో టికెట్టు కొట్టకపోతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు. బస్సు కిక్కిరిసి కండక్టరు వెనక తలుపు దాకా పోలేకపోతే టికెట్లు తగ్గుతాయి, బరువుకు బస్సు కింది స్ప్రింగు కట్టలు విరుగుతాయి, డీజిలు పెరుగుతుంది. ఆక్యుపెన్సీ (సీట్లు నిండే శాతం) పెరిగిందని సంబరపడే ముందు ఏ ట్రిప్పులో, ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీ దాకా నిలబడి వెళ్తున్నారో చూడాలి. సగటు చూస్తే అది కనబడదు. పొద్దున ఎనిమిదింటి ముత్తుకూరు బస్సు, మధ్యాహ్నం రెండింటి ముత్తుకూరు బస్సు ఒకటి కావు.

కేంద్రం 2023లో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా అనే కరెంటు బస్సుల పథకంలో నెల్లూరు కూడా ఉంది. ఇక్కడ బస్సు, డ్రైవరు ప్రైవేటు ఆపరేటరువి. కిలోమీటరుకు ఇంత అని మనం, అంటే ఆర్టీసీ, కట్టాలి, టికెట్టు రాబడి మనది, నష్టమూ మనదే. కాబట్టి కాంట్రాక్టును ప్రతి పేరా చదవగల ఓపిక ఈ ఉద్యోగానికి అర్హతే. రోజుకు ఎన్ని కిలోమీటర్లకు హామీ ఇచ్చాం? చార్జింగుకు డిపోకు ఖాళీగా వచ్చే దూరానికి డబ్బు కట్టాలా? ట్రిప్పు ఎగ్గొడితే కోత ఎంత, ఆ ఎగ్గొట్టడాన్ని నమోదు చేసేది ఎవరి మనిషి? చివరి ప్రశ్నకు జవాబు ‘ఆపరేటరు మనిషే’ అయితే కోత కాగితం మీదే ఉంటుంది.

ఊరి నేల కూడా తెలియాలి. నెల్లూరును రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి, గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జీలు నిండుతాయి. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ, రైలు పట్టాలూ రెండూ తెగాయి. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దారులన్నీ జనంతో నిండిపోతాయి. అందుకే ఇంటర్వ్యూలో నా చివరి ప్రశ్న ఇలా ఉంటుంది: సాయంత్రం ఆరు గంటలు, అండర్‌బ్రిడ్జీలో నడుముల్లోతు నీళ్లు. ఏ బస్సును ఎక్కడ తిప్పుతారు, ఆ మాట డ్రైవరుకు ఎవరు చెబుతారు, ఆత్మకూరు బస్టాండులో నిలబడ్డవాళ్లకు ఎంతసేపట్లో తెలుస్తుంది?