ఇంజను నడుస్తుండగానే రేడియో వినడానికి

నా పాత సైన్యం జీపులో ఇంజను ఆపితే రేడియో మాట్లాడుతుంది. ఇంజను స్టార్ట్ చేయగానే చిటపటలు తప్ప మరేమీ వినపడదు. మూడు నెలలుగా నా పని ఇక్కడే ఆగిపోయింది. ఈ ఆదివారం ఆ చిక్కు వీడింది. చేసిన పని మరిచిపోకముందే వివరంగా రాసి పెడుతున్నాను.

ముందు బండి సంగతి. బరంపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న ఈ జీపును విల్లీస్ అని చెప్పి అమ్మారు. కింద పడుకుని చూస్తే కానీ తెలియలేదు, ఇది ఫోర్డ్ జీపీడబ్ల్యూ అని. రేడియేటర్ కింద ముందువైపు అడ్డదూలం గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, బోర్లించిన యు ఆకారంలో ఉంటే ఫోర్డ్. గ్రీజు తుడిచి చూస్తే కొన్ని బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం కూడా కనిపించింది. ఇంజను మాత్రం రెండింటికీ ఒకటే: నాలుగు సిలిండర్లు, 2199 సీసీ, 60 హార్స్‌పవర్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రెండు కంపెనీలూ కలిసి ఇలాంటివి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ అంగుళంలో వెయ్యికి 20 వంతులు, ప్లగ్గుల గ్యాప్ 30. ఈ రెండూ సరిగ్గా పెట్టి, కార్బ్యురేటర్ విప్పి కడిగాక ఇంజను మొదటి ప్రయత్నంలోనే అందుకుంది.

కరెంటు 6 వోల్టులే. అందరూ 12కి మార్చేయమన్నారు, నేను మార్చలేదు. 6 వోల్టుల మీద స్టార్టర్ నీరసంగా తిరుగుతుందంటే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, తీగది. వోల్టేజి సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి. ఈ కాలం కార్ల సన్నని కేబుల్ వేస్తే అది వేడెక్కుతుంది తప్ప స్టార్టర్‌ను తిప్పదు. నేను బొటనవేలంత లావు రాగి కేబుల్ వేయించి, ఎర్త్ పట్టే చోట రంగంతా గీకేసి బిగించాను. ఇప్పుడు చలికాలం పొద్దున కూడా స్టార్ట్ అవుతోంది.

చక్రాల గురించి ఒక్క మాట, ఇది ప్రాణాలకు సంబంధించినది. సైన్యం జీపుల చక్రం రెండు ముక్కలుగా ఉంటుంది, ఆ ముక్కలను నట్లతో కలిపి బిగిస్తారు. టైరులో గాలి ఉండగా ఆ నట్లు వదులు చేస్తే చక్రం బాంబులా విడిపోతుంది. వాల్వు పిన్ను పూర్తిగా తీసి, గాలంతా పోయిందని చూసుకున్నాకే స్పానర్ పట్టాలి. పంక్చర్ షాపు కుర్రవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి పక్కన నిలబడి చెప్పండి.

రేడియో నంబర్ 19 వైర్‌లెస్ సెట్. బ్రిటిష్ ట్యాంకుల కోసం పుట్టిన సెట్ ఇది. నాది కెనడాలో తయారైంది, అందుకే ముందు పలక మీద ప్రతి మీటకూ ఇంగ్లీషుతో పాటు రష్యన్ అక్షరాలూ ఉన్నాయి. సోవియట్ సేనలకు పంపడానికి అలా చేసేవారు. ఎటో వెళ్లాల్సిన పెట్టె మా షెడ్డులో వెలుగుతోందంటే చూసిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఇది 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది, అంటే హ్యామ్‌ల, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవారి, 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అందులోకి వస్తుంది. 12 వోల్టుల మీద తిరిగే చిన్న మోటారు జనరేటర్ దీనికి 275, 500 వోల్టులు తయారుచేసి ఇస్తుంది. జీపు బ్యాటరీ దీనికి చాలదు కాబట్టి వెనక సీటు కింద వేరే బ్యాటరీ పెట్టాను. కాగితం కండెన్సర్లలో లీకైనవి ఒక్కొక్కటే పరీక్షించి మార్చాను, బాగున్నవాటిని ముట్టుకోలేదు. ఈ పెట్టెలో చెయ్యి పెట్టేముందు కండెన్సర్లలో మిగిలిన కరెంటును ఎర్త్ చేసి తీరాలి. లైసెన్సు లేనివారు ఇలాంటి ట్రాన్స్‌మిటర్‌ను కొనవద్దు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మా ఇంట్లో రోజుల తరబడి ఫోన్లు పలకలేదు. నేను హ్యామ్ పరీక్షకు కూర్చున్నది ఆ తర్వాతే.

ఇక చిటపటల సంగతి. శబ్దం ఎక్కడిదో తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. ఇంజను వేగంగా తిప్పి, ఒక్కసారిగా తాళం తిప్పి ఇగ్నిషన్ ఆపేయాలి. రేడియోలో శబ్దం వెంటనే ఆగితే దోషం ప్లగ్గులది. ఇంజను తిరగడం ఆగేదాకా సన్నని కూత వస్తుంటే డైనమోది. నాకు రెండూ ఉన్నాయి. ప్లగ్గు తీగల్లోనూ డిస్ట్రిబ్యూటర్ మధ్య తీగలోనూ చిటపటలను అణచే పదివేల ఓముల సప్రెసర్లు వేశాను. డైనమో అవుట్‌పుట్ దగ్గర ఎర్త్‌కు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ కట్టాను. ఎఫ్ అని రాసి ఉన్న ఫీల్డ్ టెర్మినల్‌కు మాత్రం కండెన్సర్ కట్టకూడదు, రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి. సగం శబ్దం తగ్గింది, సగం మిగిలింది.

ఆ మిగతా సగం కారణం చెత్తడబ్బాలో దొరికింది. రంగు వేయడానికి బండిని విప్పినప్పుడు, పని చేసినవాళ్లు పనికిరాదని పక్కన పడేసిన సామాన్లు ఒక రంగు డబ్బాలో ఉన్నాయి. అందులో జానెడు పొడవున, జడలా అల్లిన రాగి పట్టీలు ఏడు. పైన మూడు పొరల రంగు పట్టి, విరిస్తే విరిగేలా గట్టిపడి ఉన్నాయి. గోరుతో గీకితే లోపల సన్నని రాగి పోగులు మెరిశాయి. వాటితో పాటు అంచు చుట్టూ పళ్లున్న వాషర్లు గుప్పెడు. అప్పుడు అర్థమైంది. అమెరికా సైన్యం ఇలా శబ్దం అణచిన బండ్లకు బానెట్ నంబరు చివర ఎస్ అక్షరం వేసేది. బానెట్, ఇంజను, రేడియేటర్, చాసీ అన్నీ ఈ పట్టీలతో ఒకదానికొకటి అంటుకుని ఉంటేనే ఇనుమంతా ఒకే ఎర్త్ అవుతుంది. లేకపోతే విడిగా ఉన్న ప్రతి రేకూ ఏరియల్‌లా శబ్దాన్ని వెదజల్లుతుంది. బోల్టులు బిగించడానికి పెట్టినవి అనుకున్న ఆ వాషర్ల పళ్లు నిజానికి రంగును కొరుక్కుని ఇనుమును పట్టుకోవడానికి.

పాత పట్టీలు రెండే పనికొచ్చాయి. మిగిలిన ఐదింటికి కొత్త జడ తీగ కొని, చివర్లలో టంకం పెట్టి చేశాను. నా అందమైన కొత్త రంగును పధ్నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత మేర గీకాల్సి వచ్చింది. సముద్రపు గాలి కదా, బిగించాక ప్రతి చోటా వ్యాజలీన్ దట్టంగా పూశాను. రంగు పోయిందని మా నాన్నగారు బాధపడ్డారు కానీ, నాకు ఆ గీతలంటేనే ఇష్టం ఇప్పుడు.

సాయంత్రం గోపాల్‌పూర్ రోడ్డు మీద సరుగుడు తోట పక్కన ఆపి, ఇంజను తిరుగుతుండగానే ఎనిమిది అడుగుల ఏరియల్ రాడ్ నిలబెట్టి, దాన్ని సెట్‌కు కుదిర్చే వేరియోమీటర్ నెమ్మదిగా తిప్పాను. ఇంజను చప్పుడు చెవికి వినిపిస్తోంది, హెడ్‌ఫోనులో లేదు. 7 మెగాహెర్ట్జ్ పైన ఎవరో తెలుగులో తన ఏరియల్ ఎత్తు గురించి ఇంకొకరికి చెబుతున్నారు. పది నిమిషాలు కదలకుండా విన్నాను.

ప్రసారం ఇంకా మొదలుపెట్టలేదు. దానికి ముందు బ్రేకులు చూడాలి, వెనక ఎడమ చక్రం సిలిండర్ కారుతోంది.