కుడివైపు పేజీ

మా జీవశాస్త్రం మాస్టారి నోటుపుస్తకం ఒకటి చాలా ఏళ్లుగా నా బీరువాలో ఉంది. నేను టీచరుగా చేరిన ఏడాది ‘చూసి ఇచ్చేయమ్మా’ అని ఆయనే ఇచ్చారు. చూశాను, ఇవ్వలేదు. మొదట్లో నిజంగానే మరిచిపోయాను, తర్వాత మరిచిపోయినట్టు నటించాను. ఈ వ్యాసం కోసం దాన్ని మళ్లీ బయటికి తీశాను కనుక ముందు ఆ అప్పు ఒప్పుకుంటున్నాను.

గట్టి అట్ట, గీతల కాగితం, రెండు వందల పేజీలు. ఎడమవైపు పేజీలో పాఠానికి ముందు రాసుకున్నది, కుడివైపు పేజీలో పాఠం అయ్యాక రాసుకున్నది. లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం అంటూ గళ్లు నింపే పాఠ్యపథకం ఆయనకూ ఉండేది. అది తనిఖీకి వచ్చేవాళ్ల కోసం. ఇది ఆయన కోసం. ఇందులో ప్రతి ఎడమ పేజీ నెత్తిన ఒకటే ప్రశ్న: ‘వీళ్లు ఇప్పటికే ఏమనుకుంటున్నారు?’ దాని కింద మా తప్పు జవాబులు, మేము నోరు తెరవకముందే రాసి ఉంటాయి. ‘మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయంటారు.’ ‘సిరల్లో రక్తం నీలంగా ఉంటుందంటారు. బొమ్మలో నీలం వేసింది మనమే కదా.’ ‘జిరాఫీ సాగదీసి సాగదీసి మెడ పెంచుకుందంటారు.’ ఇలా పేజీలకు పేజీలు. మా బుర్రల్లో ఏముందో మాకంటే ముందు ఆయన జాబితా రాసుకున్నారని తెలిసినప్పుడు నాకు కాస్త రోషం కూడా వచ్చింది.

ఆయన సరదా మనిషి కాదని ముందే చెప్పాలి. మంచి టీచరు అనగానే జోకులు వేసేవాళ్లనో, పాటలు కట్టేవాళ్లనో గుర్తు చేసుకుంటాం. మాస్టారు గొంతు పెంచేవారు కాదు, నవ్వించే ప్రయత్నమూ చేసేవారు కాదు. అయినా ఆయన పీరియడ్‌లో గంట కొడితే మాకు చిరాకు వేసేది. పాఠం ఆసక్తికరంగా ఉండాలంటే రంగురంగుల బొమ్మలో ఆటలో కావాలని ఇప్పుడు శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. నేను తల ఊపుతాను. లోపల మాత్రం ఆ కట్టెముక్కే మెదులుతుంది.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఆయన జానెడు ఎండుకట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. ‘ఇది ఒకప్పుడు గింజ. ఇంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్నారు. అందరం కాగితం మీద జవాబు రాసి మడిచి ఇవ్వాలి, పేరు రాయనక్కర్లేదు. దాదాపు అందరం నేల అనే రాశాం. ఇద్దరు ముగ్గురు ఎరువు అని రాశారు. ఆయన చదివారు, తప్పని అనలేదు. పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ సంగతి చెప్పారు. బాగా ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు తూచి కుండీలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, 5 ఏళ్లపాటు నీళ్లు తప్ప మరేమీ ఇవ్వకుండా పెంచాడు. చివరికి చెట్టు 169 పౌండ్ల పైచిలుకు తూగింది. ‘మట్టి ఎంత తగ్గి ఉంటుంది?’ అని అడిగి, మా చేత అంకెలు చెప్పించి, అన్నీ బోర్డు మీద వేశారు. నూట అరవై, నూరు, యాభై. తర్వాత పక్కన అసలు అంకె వేశారు: సుమారు 2 ఔన్సులు, అంటే పౌండులో ఎనిమిదో వంతు. తరగతిలో సద్దు లేదు. వెనక బెంచీలోంచి ఎవరో ‘అయితే నీళ్లే మాస్టారూ!’ అన్నారు. ‘హెల్మాంట్ కూడా అదే అన్నాడురా’ అని ఆయన డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేశారు. గంట కొట్టారు.

మేము నీళ్లు అనే నమ్మకంతోనే ఇంటికి వెళ్లాం. ఆ రోజు ఎడమ పేజీలో ఇలా ఉంది: ‘నీళ్లు అంటారు. అననివ్వాలి. రెండు రోజులు.’

మూడో రోజు ఆ కట్టెను త్రాసులో తూచి, ఆవరణలో ఇనుపరేకు మీద పెట్టి కాల్చారు. మిగిలిన చిటికెడు బూడిదను మళ్లీ తూచారు. ముల్లు కదిలిందో లేదో అన్నట్టుంది. ‘మిగతాది ఏమైంది?’ పొగై పోయింది, గాలిలో కలిసింది అన్నాం. ‘పోయింది గాలిలోకే కదా. మరి వచ్చింది?’ ఇక ఆయన మాట్లాడలేదు. మొదట ఒక అమ్మాయి మొహం మారింది, తర్వాత వరసగా ఒక్కొక్కరిదీ. కట్టెలోని కర్బనమంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చిందని పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం చేరడానికి మాకు మూడు రోజులు పట్టింది, కనుక ఎవరమూ దాన్ని బట్టీ పట్టలేదు. చివర్లో ఆయన ఇంకో ముక్క చెప్పారు. ‘గ్యాస్’ అనే మాటను పుట్టించింది ఆ హెల్మాంటే. 62 పౌండ్ల ఓక్ బొగ్గు కాలిస్తే పౌండు బూడిదే మిగులుతుందని, తక్కినదంతా ఒక రకం గ్యాస్‌గా పోతుందని కూడా ఆయనే గుర్తించాడు. అయినా తన విల్లో చెట్టులోకి గ్యాస్ వెళ్లి ఉంటుందని తట్టలేదు. 1648లో, ఆయన చనిపోయిన నాలుగేళ్లకు, ఆ రాతలు అచ్చయ్యాయి. రెండు సత్యాలు ఒకే బుర్రలో పక్కపక్కనే ఉండి కలుసుకోకపోవచ్చన్న సంగతి పద్నాలుగేళ్ల వయసులో నాకు భలే ఊరటనిచ్చింది. గణితంలో నా పరిస్థితి అదే.

నేను టీచరునయ్యాక ఈ పాఠాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుని తరగతికి వెళ్లాను. కట్టె ఉంది, అంకెలు ఉన్నాయి, హెల్మాంట్ ఉన్నాడు. పిల్లలు నీళ్లు అనగానే నాకు భయం పట్టుకుంది. తప్పు జవాబుతో వాళ్లు బయటికి వెళ్తే ఎలా? పదో నిమిషంలోనే ‘కాదు, గాలి’ అని చెప్పేశాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ‘ఇది పరీక్షలో వస్తుందా టీచర్?’ అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రమే మాస్టారి దగ్గరికి వెళ్లి చెప్పుకున్నాను. అప్పుడు చేతికిచ్చిందే ఈ పుస్తకం.

ఎడమ పేజీల్లో మిగతాదంతా నిమిషాల లెక్క. పీరియడ్ 40 నిమిషాలు. అందులో తాను మాట్లాడేది పన్నెండుకు మించకూడదని ఆయన నియమం. మించిన రోజున కుడి పేజీలో ‘19 నిమిషాలు వాగాను’ అని తనను తానే తిట్టుకున్నారు. ప్రయోగం ఏదైనా ముందురోజు సాయంత్రం ఒకసారి చేసి చూసుకునేవారు. ఏ మొక్క ఆకైతే ఆల్కహాలులో త్వరగా తెల్లబడుతుంది, మైనపు పొర ఉన్న మందపాటి ఆకు ఎందుకు మొండికేస్తుంది, నీళ్లు ముందే కాచి ఉంచితే ఎన్ని నిమిషాలు మిగులుతాయి, ఇలాంటివి. పిల్లల్లో కుతూహలం రేపడం అంటే ఇంత చాకిరీ ఉంటుందని బెంచీ మీద కూర్చున్నప్పుడు మాకేం తెలుసు?

సూక్ష్మదర్శిని ఒక్కటే ఉండేది. మేము నలభై మందికి పైనే. వరసలో నిలబెట్టి తలా అర నిమిషం చూపిస్తే సగం మంది తమ కనురెప్పల వెంట్రుకలే చూసి వస్తారు. (చూశాను కూడా. చాలా అందంగా ఉన్నాయనుకున్నాను.) అందుకని ఆయన గదిలో ఆరు చోట్ల ఆరు పనులు పెట్టేవారు. ఒకచోట ఉల్లిపొర ఒలిచి అయోడిన్ చుక్క వేయడం, ఒకచోట ఆకు అడుగున గోళ్లరంగు పూసి, ఆరాక పొరలా ఊడదీసి భూతద్దంతో చూడటం, ఇంకోచోట నాడి లెక్క. ఏడు మంది చొప్పున తిరుగుతూ ఉంటే సూక్ష్మదర్శిని దగ్గర తొక్కిసలాట ఉండేది కాదు. చూసింది గీయాలి, పుస్తకంలోది కాదు. నేను చుట్టూ నల్లటి మందపాటి అంచుతో గుండ్రటి కణం ఒకటి గొప్పగా గీసి, మధ్యలో కేంద్రకం కూడా పెట్టాను. మాస్టారు చాలాసేపు చూశారు. ‘కేంద్రకం నిజంగా కనిపించిందా అమ్మా?’ కనిపించలేదు. ఉండాలి కాబట్టి పెట్టాను. నేను గీసింది గాజుపలక కింద చిక్కుకున్న గాలిబుడగ. మరుసటి వారం గాలిబుడగ మీదే ఒక పీరియడ్ నడిపారు. బుడగను, కణాన్ని పక్కపక్కన పెట్టి తేడాలు రాయమన్నారు. గోడ ఉందా, పక్క కణంతో అంటుకుని ఉందా, పలకను నొక్కితే కదులుతుందా అని. నా పేరు ఎత్తలేదు కానీ ఎవరి బుడగో అందరికీ తెలుసు.

గుండె పాఠం గురించి కొంతే చెబుతాను. మా నాడి మేమే లెక్కపెట్టుకుని, ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు అనే పెద్దవాళ్ల లెక్కతో గుణించి, గంటకు ఎంతో తేల్చాలి. నా నాడి 80. లెక్క కడితే గంటకు 336 లీటర్లు వచ్చింది. ఒంట్లో ఉన్న రక్తమే సుమారు 5 లీటర్లు. తప్పు చేశామనుకుని అందరం రెండోసారి గుణించాం. రక్తం ఒంట్లో తిరుగుతూ ఉంటుందని చూపిన ఇంగ్లీషు వైద్యుడు హార్వే వాదన ఇదే. ఇంత రక్తం తిన్న ఆహారం నుంచి గంటగంటకూ కొత్తగా తయారవడం అసాధ్యం, కాబట్టి ఉన్నదే తిరిగి తిరిగి రావాలి. ఆయన పుస్తకం 1628లో వచ్చింది. ధమనుల నుంచి సిరల్లోకి దారి ఎక్కడుందో ఆయనకు కనిపించలేదు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో ఆ దారిని, అంటే వెంట్రుకంత సన్నటి కేశనాళికలను, చూసేనాటికి హార్వే పోయి నాలుగేళ్లు. కనిపించని దారి ఉండి తీరాలని లెక్కతో చెప్పడం నాకు అప్పుడంత పట్టలేదు. ఇప్పుడు ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ పట్టుకుంటుంది.

బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ పాఠం రోజున నాణేలు. రెండేసి నాణేలు ఎగరేసి, రెండూ బొరుసు పడితేనే ముడతల గింజ అనుకోవాలి. పది ఎగరేతల్లో నాకు ఒక్కటీ రాలేదు, నా పక్కనున్న అబ్బాయికి ఐదు వచ్చాయి. మూడు గుండ్రటి గింజలకు ఒక ముడతల గింజ అన్న సూత్రం తప్పని ఇద్దరం తీర్మానించాం. అందరివీ బోర్డు మీద కూడుతూ పోతే నిష్పత్తి మెల్లగా మూడుకు ఒకటి దగ్గరికి జరిగింది. మెండెల్ లెక్కపెట్టిన గింజలు 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. అన్ని వేలు ఎందుకు లెక్కపెట్టాడో ఆ అబ్బాయికి, నాకు మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. నిజానికి ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదొక్కటే.

పత్రహరితం ఉన్న ఆకు వెలుతురులోనే పిండిపదార్థం తయారు చేస్తుందని చూపే ప్రయోగం అందరూ చేసి ఉంటారు. కుండీలోని మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచి, ఆకులో నిల్వ ఉన్న పిండిపదార్థం పోయేలా చేయాలి. తర్వాత ఆకులో కొంత భాగానికి నల్లకాగితం బిగించి ఎండలో పెట్టాలి. కొన్ని గంటలాగి ఆకును కోసి వేడినీళ్లలో ముంచి, ఆల్కహాలులో వేసి, ఆ పాత్రను మరుగుతున్న నీళ్లలో ఉంచాలి. ఆల్కహాలును నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. ఆకు తెల్లబడి పెళుసెక్కుతుంది. కడిగి అయోడిన్ వేస్తే ఎండ తగిలిన చోటు నల్లని నీలం, కాగితం కింద గోధుమ రంగు. రావాల్సింది అది.

ప్రయోగశాల తాళంచెవి ఆ ఏడాది నా దగ్గర ఉండేది. మాస్టారు శనివారం పొద్దున మందార కుండీని అలమరలో పెట్టి తలుపు వేశారు. సోమవారం పొద్దున ఏడింటికే నేను వెళ్లి తలుపు తెరిచాను. రెండు రోజులుగా చీకట్లో, నీళ్లు లేకుండా ఉంది. నాకు పాపం అనిపించింది. ఎందుకు చీకట్లో పెట్టారో ఆయన చెప్పారు, నేను విన్నాను, రాసుకున్నాను కూడా. అయినా పాపం అనిపించింది. కుండీని తీసి వెనక కిటికీ అరుగు మీద మంచి ఎండలో పెట్టి, చెంబుడు నీళ్లు పోశాను. మొదటి విరామంలో, ఆయన రాకముందే, తిరిగి అలమరలో పెట్టేశాను. తర్వాత ఆయన వచ్చి కాగితం బిగించి ఎండలో పెట్టారు. ఆఖరి పీరియడ్‌లో అందరి ముందూ అయోడిన్ వేశారు. ఆకు అంతా నల్లబడింది. కాగితం కింద భాగం కూడా.

నా చెవులు వేడెక్కిపోయాయి. మాస్టారు ఆకును పింగాణీ పళ్లెంలో అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత అందరికీ తలో కాగితం ఇచ్చి, ‘ఇలా ఎందుకు వచ్చి ఉంటుంది? మూడు కారణాలు రాయండి. ఒక్కో కారణం నిజమో కాదో ఎలా తేలుస్తారో కూడా రాయండి’ అన్నారు. కాగితంలోంచి వెలుతురు దూరి ఉండవచ్చు, రెండు రోజులు చాలకపోయి ఉండవచ్చు, అయోడిన్ సీసాలో ఏదో కలిసి ఉండవచ్చు. ఆ చర్చ మూడు పీరియడ్లు నడిచింది. ఒక్కో జట్టు ఒక్కో కారణాన్ని పరీక్షించింది. నేనున్న జట్టుకు నల్లకాగితం వచ్చింది. దోషం కాగితానిది కాదని నేను ఎంతో శ్రద్ధగా రుజువు చేశాను. అంత మంచి పాఠం ఆ ఏడాది ఇంకోటి జరగలేదని మా తరగతిలో ఎవరిని అడిగినా ఒప్పుకుంటారు.

పుస్తకం చేతికొచ్చిన రోజు రాత్రి నేను మొదట వెతుక్కున్నది ఆ పేజీనే. ఎడమవైపు ఎప్పటిలాగే నిమిషాల లెక్క, అలమర, మందార, ఆల్కహాలు. కుడివైపు నాలుగే వాక్యాలు.

‘ఆకు అంతా నల్లబడింది. శనివారం నుంచి నీళ్లు పోయలేదు, మట్టి తడిగా ఉంది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. అడగలేదు.’