రెండో నంబరు పడవ

మేస్త్రేలో అద్దెకుండి వెనిస్‌లో పనిచేసే మాలాంటి వాళ్ళకి రోజూ ఒకటే దారి. బస్సులో వంతెన దాటి పియాజ్జాలే రోమా, అక్కడ రెండో నంబరు వాపొరెత్తో, అంటే సిటీ బస్సులాంటి పడవ. మా నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు ఎలాగో, ఇక్కడ ఇది అలాగ. జ్యుదెక్కా దీవిలో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోముతాను. రెండేళ్ళలో పడవలో నిలబడే నిద్రపోవడం వచ్చేసింది. రెదెంతోరె, జితెల్లే, సాన్ జార్జో అంటే నాకు స్టాపుల పేర్లే. అక్కడున్న తెల్ల చర్చీలని తలెత్తి చూసింది లేదు.

పోయిన జూన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మా హోటల్లో దిగింది. చిన్న మోటారు పడవ, గైడు మాట్లాడుకున్నారు. వాళ్ళ పెద్దావిడకి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని తెలుగులో చెప్పమని నన్ను పంపారు, అదీ నా సెలవు రోజున. డబ్బుల సంగతి అడిగితే "టూర్ ఫ్రీయే కదా" అన్నాడు మేనేజరు.

గైడు రెదెంతోరె ఎదురుగా కాలువ మధ్యలో ఇంజన్ ఆపించింది. దీన్ని ఇక్కణ్ణుంచే చూడాలట. చర్చి లోపల నడిమి భాగం ఎత్తు, పక్క భాగాలు పొట్టి. పాతకాలపు రోమన్ గుడి ముఖం ఒక్కటి తగిలిస్తే ఆ కొలతలకి కుదరదు. దీన్ని కట్టిన శిల్పి పల్లాదియో ఎత్తుగా ఒకటి, వెడల్పుగా ఒకటి, రెండు గుడి ముఖాలు ఒకదానిలో ఒకటి దూర్చాడు. తెల్లరాయి ఇస్ట్రియా నుంచి వచ్చింది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. ఆ తెలుపంతా నీళ్ళవైపే. పక్కకి తిరిగితే ఇటుక గోడ. మా వంటింటి తలుపు దగ్గర నిలబడితే నాకు రోజూ కనిపించేది ఆ ఇటుకే.

1575 నుంచి 1577 దాకా వెనిస్‌లో ప్లేగు. దాదాపు 50,000 మంది పోయారు. పెద్ద చిత్రకారుడు తిషియన్ కూడా 1576లో, ఆ ప్లేగు రోజుల్లోనే పోయాడు. జబ్బు తగ్గితే చర్చి కడతామని సెనేట్ మాట ఇచ్చింది. దీనికి మాటలు వెతుక్కుంటుంటే అమ్మగారే అందుకుంది: "మొక్కుకున్నరన్నట్టు."

అంతే. 1577లో పునాది, 1592లో ప్రతిష్ఠ. పల్లాదియో 1580లోనే పోయాడు, పూర్తయింది చూడలేదు. ఇప్పటికీ జులై మూడో ఆదివారం పండగకి కాలువకి అడ్డంగా తేలే వంతెన వేస్తారు, జనం నడిచి దాటుతారు. మాకు మాత్రం ఆ వారం రెండు షిఫ్టుల పని.

తర్వాత సాన్ జార్జో మజ్జోరె. 1566లో మొదలైంది, ముఖం పూర్తయ్యేసరికి 1610. లోపల బలిపీఠం కుడి గోడకి తింతొరెత్తో అనే చిత్రకారుడు గీసిన 'కడరా భోజనం', అంటే క్రీస్తు శిష్యులతో చేసిన చివరి భోజనం బొమ్మ ఉంది, 1594లో ఆయన పోయే ముందు చివరి రోజుల్లో గీసింది. బల్ల అడ్డంగా కాదు, ఏటవాలుగా లోపలికి పోతుంది. వేలాడే దీపం పొగలోంచి దేవదూతలు. క్రీస్తు దూరంగా, నడిమధ్యలో. మన కళ్ళముందు పెద్దగా ఉన్నది మాత్రం వడ్డించే మనుషులు: బుట్టలోంచి తీస్తున్న ఆడమనిషి, పళ్ళేలు, బుట్టలోకి తొంగిచూసే పిల్లి. గైడు చెప్పే వెలుగునీడల కథ నేను సగమే తెలుగు చేశాను. నా చూపు ఆ పళ్ళేల మీదే ఉంది. బాంకెట్ రాత్రి మా వంటింటి గుమ్మం దగ్గర అచ్చం ఇంతే గందరగోళం.

అమ్మగారు చాలాసేపు చూసి, "గిన్ని గిన్నెలు... తోమేటోడు యాడున్నడు బిడ్డా?" అంది.

"నేనేనమ్మా" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా చేతుల వంక చూసింది.

మేనేజరు ఆ రోజు గంటలు లెక్కలో వేయలేదు. సాయంత్రం ఆవిడ మాత్రం సూట్‌కేస్ తెరిచి సకినాల పొట్లం నా చేతిలో పెట్టింది. పడవ పియాజ్జాలే రోమా చేరేసరికి సగం అయిపోయింది.